తెర ఎవరి చేతిలో ఉంది?

బెర్త్ మోరిసో 1872లో వేసిన 'ఊయల' చిన్న చిత్రం. ఎత్తు 56 సెంటీమీటర్లు, వెడల్పు 46. మన ఇళ్లల్లో గోడకు వేలాడే కాలెండర్ అంత. అసలు చిత్రం ప్యారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో ఉండే మనబోటి వాళ్లకు అది ఫోన్‌లో కనిపించేదే, అంటే అరచేయంత. అంత చిన్నగా చూసినా మనసును పట్టుకుని వదలదు.

బొమ్మలో ఒక గది. ఎడమవైపు ముదురు రంగు దుస్తుల్లో ఒక యువతి కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి మడిచి, దాని మీద చెంప ఆనించింది. కుడివైపు ఊయల. మన వైపు తొట్టెల అంటాం. దాని పైనుంచి పల్చటి తెల్లని వలతెర జారుతోంది. లోపల పసిపిల్ల నిద్రపోతోంది. తల్లి చెయ్యి ఎట్లా మడతపడిందో బిడ్డ చెయ్యి కూడా అట్లాగే మడతపడి తల పక్కన ఉంది. తల్లి రెండో చెయ్యి ఊయల తెర అంచును పట్టుకుంది. వెనకాల కిటికీకి ఇంకో తెర. అంతే. అంతకు మించి గదిలో ఏమీ జరగడం లేదు.

ఈ బొమ్మ గురించి ఎవరు చెప్పినా ముందు వచ్చే మాటలు మాతృత్వం, మమకారం, ప్రశాంతత. ఆ మాటలు తప్పేం కాదు. తెలుపు, బూడిద, లేత గులాబి కలిసిన ఆ వెలుతురును చూస్తే గదిలో గట్టి శబ్దం ఏదీ ఉండదనిపిస్తుంది. ఇంకాసేపు చూస్తే ఇంకో మాట తోస్తుంది: అలసట. మరికాసేపు చూస్తే: దిగులు. ఆమె బిడ్డను చూస్తోందా, బిడ్డ మీదుగా ఇంకెటో చూస్తోందా అన్నది తేలదు. ముఖం ఒక్కటే, మూడు భావాలు. వీటిలో ఆమెది ఏది, మనం తెచ్చి పెట్టింది ఏది?

ఇది చిత్రకళకు సంబంధించిన ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ ఇందులో ధర్మాధర్మాల ప్రశ్న ఒకటి ఉంది. నాలుగు గోడల మధ్య మౌనంగా కూర్చున్న ఒక మనిషికి, ముఖ్యంగా ఒక స్త్రీకి, ఆమె లోపల ఏముందో చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు? ఆమె దిగులును అందంగా ఆస్వాదించడం ఎంతవరకు సబబు?

*

బొమ్మలోని యువతి పేరు ఎడ్మా. చిత్రకారిణికి సొంత అక్క. పసిపిల్ల ఎడ్మా కూతురు బ్లాంష్. ఈ వివరం చాలామందికి తెలుసు. దీని వెనక ఉన్న రెండో వివరం అంత ప్రచారంలో లేదు. ఎడ్మా కూడా చిత్రకారిణే. అక్కాచెల్లెళ్లిద్దరూ చిన్నప్పటి నుంచి కలిసి బొమ్మలు నేర్చుకున్నారు, కరో అనే పెద్ద చిత్రకారుడి దగ్గర శిష్యరికం చేశారు, 1864లో ప్యారిస్ సలోన్ ప్రదర్శనలో ఇద్దరి చిత్రాలూ చోటు సంపాదించుకున్నాయి. ఆ రోజుల్లోనే ఎడ్మా తన చెల్లెలి చిత్రం ఒకటి వేసింది. అందులో బెర్త్ చేతిలో కుంచె ఉంటుంది. 1869లో ఎడ్మాకు ఒక నౌకాదళ అధికారితో పెళ్లయింది. బ్రిటనీలోని లోరియాఁ అనే ఓడరేవు ఊరికి వెళ్లిపోయింది. కుంచె పక్కన పెట్టేసింది.

అక్క చెల్లెలిని కుంచెతో వేసింది. ఏడేళ్లో ఎనిమిదేళ్లో గడిచాక చెల్లెలు అక్కను వేస్తే చేతిలో ఊయల తెర ఉంది.

పెళ్లయిన కొత్తలో ఎడ్మా చెల్లెలికి రాసిన ఉత్తరాలు మిగిలాయి. తన మనసు ఎప్పుడూ ఆ బొమ్మల గదిలోనే తిరుగుతోందని, ఒక్క పావుగంట తప్పించుకుని వచ్చి ఆ గాలి పీల్చుకుంటే బాగుండునని ఆమె చెప్పుకుంది. బెర్త్ జవాబులు కూడా చదవాలి. నువ్వు అదృష్టవంతురాలివి కాదనుకోకు, ఒంటరిగా ఉండడం కూడా తక్కువ బాధ కాదు అన్న ధోరణి వాటిలో ఉంది. లోపల ఉన్నామె బయటి గాలి కోసం తహతహలాడుతుంటే, బయట మిగిలినామె లోపలి వెచ్చదనం కోసం చూస్తోంది. కాబట్టి ఎడ్మాను పంజరంలో పక్షి అని ఒక్క మాటలో తేల్చేయడం కుదరదు. సంతృప్తి నిండిన తల్లి అని తేల్చేయడమూ కుదరదు.

1874లో ఈ చిత్రాన్ని ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో పెట్టారు. ఫోటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియోలో జరిగిన ఆ ప్రదర్శన నుంచే, మోనే వేసిన సూర్యోదయం బొమ్మ పేరును పట్టుకుని ఒక విమర్శకుడు చేసిన ఎగతాళితో, ఆ ఉద్యమానికి పేరు వచ్చింది. 'ఊయల'ను కొనేవాళ్లు దొరకలేదు. అది కుటుంబంలోనే ఉండిపోయి, 1930లో లూవ్ర్ కొన్నాకే అందరి కంటా పడింది.

*

ఇదంతా తెలిశాక బొమ్మ మారిందా? రంగులు మారలేదు. అయినా ఎడ్మా చేతిని ఇప్పుడు మనం ఇంకోలా చూస్తాం. ఆ వేళ్లకు కుంచె పట్టడం తెలుసని తెలిశాక, తెర పట్టుకున్న తీరులో కూడా ఏదో అలవాటు కనిపిస్తుంది. అయితే ఆ దిగులు ముందు నుంచే బొమ్మలో ఉందా, కథ తెలిశాక మనం పోసిందా?

మన అలంకార శాస్త్రంలో ఈ తగువు వెయ్యేళ్ల కిందటే నడిచింది. నాట్యశాస్త్రం చెప్పిన రసం ఎక్కడ ఉంటుందన్నది తగువు. భట్టలోల్లటుడు అది మూల పాత్రలో ఉంటుందన్నాడు. అంటే శోకం రాముడిది. అభినవగుప్తుడి దాకా వచ్చేసరికి అది సహృదయుడి అనుభవం అయింది. అంటే ఆస్వాదించేది మనం, రసం మనలోనే. ఆ ఆస్వాదన కుదరడానికి భట్టనాయకుడు ఒక మెట్టు చెప్పాడు, సాధారణీకరణం. పాత్రకు ఉన్న ఊరు, పేరు, కాలం కరిగిపోయి, ఆ భావం ఎవరిదో ఒకరిది కాకుండా అందరిదీ అవుతుంది. అందుకే వేదిక మీద సీత ఏడిస్తే మనం లేచి వెళ్లి ఓదార్చం. కూర్చుని కళ్లు తుడుచుకుంటాం. అందులో ఒక సుఖం ఉంది.

సీత విషయంలో ఇది ఇబ్బంది కాకపోవచ్చు. ఎడ్మా విషయంలో ఇబ్బందే. ఆమె పేరు, ఊరు, వదిలేసిన పని కరిగిపోతేనే 'మాతృమూర్తి' తయారవుతుంది. మనకు ఆనందం ఇచ్చే మార్గమే ఆమెను తుడిచేసే మార్గం కూడా. ఆడవాళ్ల బొమ్మల్లో ఇది మరీ తేలిగ్గా జరిగిపోతుంది. మగవాడు కిటికీ పక్కన కూర్చుంటే ఎవరతను, ఏం ఆలోచిస్తున్నాడు అని అడుగుతాం. ఆడమనిషి కూర్చుంటే విషాదం, నిరీక్షణ, విరహం, ఏకాంతం అని పేర్లు పెడతాం. మనిషిని అడగాల్సిన చోట భావానికి పేరు పెట్టి తృప్తి పడతాం.

ఇది బెర్త్‌కు సొంత అనుభవం. ఎదువార్ మానే ఆమెను పదికి పైగా చిత్రాల్లో వేశాడు. సోఫాలో వాలి ఉంది, విసనకర్ర పట్టుకుని ఉంది, నల్ల టోపీ పెట్టుకుని ఉంది. ఒక్కదాంట్లోనూ కుంచె లేదు. 1895లో ఆమె చనిపోయినప్పుడు మరణ ధ్రువపత్రంలో వృత్తి లేదని రాశారు.

*

ప్రతీకల సంగతికి వస్తే, లోపలి స్త్రీ చిత్రాలకు ఒక తయారు నిఘంటువు ఉంది. కిటికీ అంటే స్వేచ్ఛ. అద్దం అంటే అహం. మూసిన పుస్తకం అంటే ఆగిపోయిన ఆలోచన. తెర అంటే చెర. ఈ నిఘంటువు పట్టుకుని ఏ బొమ్మనైనా అయిదు నిమిషాల్లో చదివేయొచ్చు. అందులో శ్రమ లేదు కాబట్టే అనుమానించాలి.

ఇంప్రెషనిస్టులు ఈ నిఘంటువును చాలావరకు పక్కన పెట్టారు. వాళ్ల పట్టుదల ఒక్కటే: ఈ క్షణంలో, ఈ వెలుతురులో కంటికి ఏది పడుతోందో అది. సోఫా మీద ఎట్లా పడుతోందో ముఖం మీదా వెలుతురు అట్లాగే పడుతుంది. కొందరికి ఇది నిర్లక్ష్యం అనిపించింది, మనిషికీ మేజాబల్లకీ తేడా లేదా అని. కానీ ఇందులో ఒక మర్యాద కూడా ఉంది. నీ లోపల ఏముందో నాకు తెలుసు అని చిత్రకారిణి అనడం లేదు. తాను కూర్చున్న చోటి నుంచి ఏం కనబడుతోందో అంతవరకే చెబుతోంది.

మరి ఈ చిత్రాల్లో అర్థమే లేదా? ఉంది. అది ప్రతీకలో కంటే వాస్తవంలో ఎక్కువ ఉంది. మోనే, దెగా, రెన్వా కాఫీ హోటళ్లు, రైల్వే స్టేషన్లు, గుర్రప్పందాలు, నాటకశాలల తెర వెనక భాగాలు వేశారు. మోరిసో, మేరీ కసట్ గదులు, వరండాలు, పెరటి తోటలు వేశారు. కారణం ఆడవాళ్ల స్వభావం కాదనీ, వాళ్ల స్థాయి ఇళ్ల స్త్రీలు తోడు లేకుండా వెళ్లగలిగిన చోట్లు అవేననీ కళా చరిత్రకారిణి గ్రిసెల్డా పొలాక్ వివరంగా చూపించింది. ప్యారిస్‌లోని ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్ ఆడవాళ్లను చేర్చుకున్నది 1897లో. అప్పటికి బెర్త్ చనిపోయి రెండేళ్లు. కాబట్టి ఆ గది 'బంధనానికి చిహ్నం' అనక్కర్లేదు. ఆ కాలపు చట్టాలు, అలవాట్లు కలిసి కట్టిన నిజమైన గది అది. ప్రతీక అనేసరికి అది కవిత్వం అయిపోయి బాధ్యత తప్పుతుంది. వాస్తవం అంటే, ఎవరు కట్టారు అని అడగాల్సి వస్తుంది.

*

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. మన భాషలోనే ఉంది. కోదాడ బస్టాండులోనో మిర్యాలగూడ రైసుమిల్లు దగ్గరో ఒక మగమనిషిని ఏదైనా అడిగి చూడండి. 'మా ఇంట్లో అడిగి చెప్తా' అంటాడు. ఇంట్లో అంటే భార్య. 'మా ఇంట్లో ఒంట్లో బాగాలేదు' అంటాడు. అంటే భార్యకు జ్వరం. ఇల్లాలు, ఇంటిది, ఇంటామె, గృహిణి. మనిషికీ గదికీ ఒకటే మాట. 'గడప దాటని మనిషి' అనేది ఇప్పటికీ మెచ్చుకోలే. ఫ్రెంచి చిత్రకారుడు రంగులతో చేసిన పని మనం విభక్తితో చేసేశాం. 'ఇంట్లో' అన్నాక ఆమె పేరు చెప్పాల్సిన అవసరమే లేదు.

ఈ ఇల్లు కూడా అందరికీ ఒకటి కాదు. పాత నల్లగొండ జిల్లాలో, అంటే ఇప్పటి సూర్యాపేట జిల్లా కూడా కలిసిన ఆ ప్రాంతంలో, నిజాం కాలపు దొరల, దేశ్‌ముఖుల ఇళ్లల్లో ఆడవాళ్లకు ఘోషా ఉండేది. ఊరు దాటాలంటే పరదా కట్టిన సవారి బండి. ఆ పరదా దొరసాని చేతిలో లేదు. అదే గడీలో ఇంకో స్త్రీ ఉండేది. దొరబిడ్డ పెళ్లయి అత్తగారింటికి వెళ్తుంటే సామానుతో పాటు పంపే దాసి. ఆమెకు పరదా అసలే లేదు. పిలిచినప్పుడు ఏ గదిలోకైనా వెళ్లాలి, ఏ తలుపూ వేసుకునే హక్కు లేదు. ఒకామెకు తలుపు తెరిచే స్వేచ్ఛ లేదు, ఇంకొకామెకు తలుపు మూసే స్వేచ్ఛ లేదు.

బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' సినిమా ఈ గడీ లోపలి వెలుతురును పట్టుకుంది. కమలాక్షిగా నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. కళాదర్శకుడు తోట వైకుంఠానికీ జాతీయ పురస్కారం వచ్చింది, తెలంగాణ స్త్రీలను ఎర్రని, పచ్చని రంగుల్లో వేసే ఆ వైకుంఠమే. ఆ సినిమాలో మాటలు చాలా తక్కువ. నీడ పడిన గదులు, గోడలు, ఊడ్చే చేతులు, తోమే చేతులు. ఎక్కడా ఆమె దుఃఖాన్ని మనం హాయిగా ఆస్వాదించే వీలు లేదు, ఎందుకంటే ఆమె చేతులు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. 'ఊయల'లో తల్లికి కూర్చునే తీరిక ఉంది. కమలాక్షికి కూర్చునే చోటే లేదు. లోపలి స్త్రీ అనే మాట కింద ఈ ఇద్దరినీ కలిపేస్తే అది సాధారణీకరణం చేసే అన్యాయమే.

మిర్యాలగూడ, కోదాడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే చేలలో నాట్లు వేసే ఆడవాళ్లను తలుచుకుంటే ఈ ప్రతీక ఇంకోసారి తిరగబడుతుంది. పొద్దున్నుంచి మోకాటి లోతు బురదలో వంగి ఉన్న మనిషికి ఇంటి నీడ చెర కాదు. మధ్యాహ్నం అర్రలో చల్లటి బండల మీద వీపు ఆనించి, ఎవరితోనూ మాట్లాడకుండా పది నిమిషాలు కూర్చోవడం ఆమెకు దొరకని భోగం. ఆ పది నిమిషాలు ఆమెను చూసి ఎవరైనా 'విషాద మూర్తి' అని బొమ్మ వేస్తే ఆమె నవ్వుకోవచ్చు, కోపగించుకోవచ్చు. కాళ్లు పీకుతున్నాయి బిడ్డా, అంతే అనొచ్చు.

*

బయటికి వచ్చిన స్త్రీల సంగతి కూడా ఈ నేల మీదే ఉంది. తుంగతుర్తి దగ్గరి కర్విరాల కొత్తగూడెంలో 1931లో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం, గోర్కీ 'అమ్మ' నవల ప్రభావంతో, ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడే కట్టుబాటు తప్పి కూలీలకు ధాన్యం పంచింది. సాయుధ పోరాటంలో దళంలో పనిచేసింది. ఆమె తలకు నిజాం ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టింది. ఆ రోజుల నాటి ఫోటో ఒకటి మనందరికీ పరిచయం. ఆరుబయట, తుపాకులు పట్టుకుని వరుసగా నిలబడ్డ అమ్మాయిలు. లోపలి స్త్రీ బొమ్మకు సరిగ్గా ఎదురు బొమ్మ.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. ఆ తర్వాత? స్వరాజ్యం రాజకీయాల్లో నిలబడింది, 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది, 2022లో చనిపోయేదాకా మాట్లాడుతూనే ఉంది. మిగతా ఎంతోమంది ఇళ్లకు తిరిగి వెళ్లారు. 1986లో స్త్రీశక్తి సంఘటన వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం ఆ పోరాటంలోని ఆడవాళ్లను వెతికి, కూర్చోబెట్టి, అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసింది. ఇక ఇళ్లకు పొండి అంటే వచ్చేశామని, మళ్లీ వంటిల్లే మిగిలిందని చెప్పినవాళ్లు అందులో ఉన్నారు. ఆ రోజులే తమ జీవితంలో మంచి రోజులని చెప్పినవాళ్లూ ఉన్నారు.

1952లో ఆ ఊళ్లలో ఏదో ఒక ఇంట్లో కిటికీ పక్కన కూర్చున్న అలాంటి ఒకామెను ఏ చిత్రకారుడైనా చూసి ఉంటే ఏం వేసేవాడు? పక్కన నీళ్ల బిందె, ఒళ్లో బిడ్డ, మెత్తటి సాయంత్రపు వెలుతురు. బహుశా పేరు 'శాంతి' అని పెట్టేవాడు. ఆ చేతులకు తుపాకీ పట్టడం తెలుసని బొమ్మ చెప్పలేదు. ఎడ్మా వేళ్లకు కుంచె తెలుసని 'ఊయల' చెప్పనట్టే. ఎడ్మా సంగతి మనకు ఉత్తరాలు చెప్పాయి. వీళ్ల సంగతి, ముప్పై అయిదేళ్ల తర్వాతైనా, అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి తెలిసింది. ముఖం చూసి భావం చెప్పడం, మనిషిని అడిగి విషయం తెలుసుకోవడం వేరువేరు పనులు. మొదటిది చేతకావడం గొప్పే. అది రెండోదానికి బదులు కాదు.

*

అడగడానికి వీల్లేని సందర్భం ఒకటి ఉంది. 1879 సెప్టెంబర్‌లో క్లోద్ మోనే భార్య కమీల్ ముప్పై రెండేళ్లకే జబ్బుతో చనిపోయింది. మంచం పక్కన కూర్చుని మోనే ఆమె ముఖాన్ని చిత్రించాడు. చాలా ఏళ్ల తర్వాత మిత్రుడు క్లెమెన్సోతో చెప్పుకున్నాడు, ఎంతో ఇష్టమైన ఆ ముఖం మీద మృత్యువు తెస్తున్న నీలం, పసుపు, బూడిద రంగుల మార్పులను తన కళ్లు తమంతట తామే లెక్కపెట్టాయని. గానుగకు కట్టిన పశువులా తన పని తనను లాక్కుపోయిందన్నట్టు బాధపడ్డాడు. ఆ చిత్రంలో కమీల్ మీద పల్చటి తెరలాగా రంగుల గీతలు కమ్ముకుని ఉంటాయి. ఆ తెర ఆమె వేసుకున్నది కాదు.

మోనేను తప్పుపట్టడం సులువు. కానీ మన ఊళ్లలో ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. సూర్యాపేట, కోదాడ ప్రాంతాల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఎన్నో. తల్లి చనిపోతే కొడుకు రాలేడు, విమానం అందదు. ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని ఆమె ముఖానికి దగ్గరగా పెడతారు. అవతల కొడుకు ఏడుస్తాడు. అది ప్రేమ. దాన్ని కాదనే ధైర్యం నాకు లేదు. అదే వీడియో సాయంత్రానికి నాలుగు గ్రూపుల్లో తిరుగుతుంది. ఊళ్లో ఏదైనా ఘోరం జరిగితే టీవీ కెమెరాలు ఇంటి లోపలి గదిదాకా వెళ్తాయి. ఏడుస్తున్న ఆమె ముఖాన్ని దగ్గరగా చూపిస్తాయి. ఇంత తక్కువ ఏడ్చిందేమిటని ఒకరు, ఇంత ఎక్కువ ఏడ్చిందేమిటని ఇంకొకరు తీర్పు చెబుతారు. ఒకే ఫోన్, ఒకే ముఖం. కొడుకు చూసినప్పుడు దర్శనం, గ్రూపు చూసినప్పుడు దోపిడీ. తేడా చూపులో ఎంత గాఢత ఉందన్న దాంట్లో లేదు. ఆ ముఖం మీద తెర వేసే అధికారం ఎవరికి ఉంది, ఆ అధికారాన్ని వాళ్లు ఆమె తరఫున వాడారా అన్న దాంట్లో ఉంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది గట్టిదే. ప్రతి ముఖానికీ అనుమతి అడుగుతూ కూర్చుంటే కళ ఉండదు. కథకుడు పక్కింటామెను అడిగి కథ రాయడు. చిత్రకారుడి చూపులో కొంత దొంగతనం ఎప్పుడూ ఉంటుంది. నిజమే. పైగా అడిగినంత మాత్రాన ఆమె నిజం చెప్పాలని లేదు, చెప్పకుండా ఉండడం కూడా ఆమె హక్కే. కాబట్టి నేను అడుగుతున్నది అనుమతి పత్రం కాదు. బొమ్మలో గానీ కథలో గానీ ఆమెకు ఒక మూల మిగలాలి, మనకు అందని మూల. అక్కడ ఆమె తన తెరను తాను లాక్కోగలగాలి. ఆ మూల లేకుండా మొత్తం పరిచి చూపించే రచన ఎంత జాలిగా ఉన్నా గడీ తలుపు లాంటిదే, ఎవరైనా ఎప్పుడైనా లోపలికి రావచ్చు.

'ఊయల' విషయంలో నా మనసు నిలిచేది ఇక్కడే. ఎడ్మా ఊయల తెరను పట్టుకున్న ఆ చేతిని మళ్లీ చూడండి. ఆ తెర బిడ్డకూ మనకూ మధ్యలోకి వస్తోంది. బిడ్డ ముఖం పల్చగా మసకగా కనిపిస్తుంది, అంతే. నిఘంటువు ప్రకారం తెర చెర అవ్వాలి. ఇక్కడ కాదు. దాన్ని లాగుతున్నది ఆమె. ఎంతవరకు చూడొచ్చో మనకు ఆమె చెబుతోంది. పెళ్లి ఆమెను ఆ గదిలోకి తెచ్చింది, ఆ గది ఆమె కోరుకున్నది అవునో కాదో మనం తేల్చలేం. కానీ ఆ గదిలో కూడా ఆమెకు ఒక పని, ఒక నిర్ణయం మిగిలి ఉన్నాయని చెల్లెలు గమనించింది. అక్క దిగులుకు పేరు పెట్టకుండా అక్క చెయ్యి ఏం చేస్తోందో వేసింది. ఒకప్పుడు పక్క పక్కన నిలబడి బొమ్మలు వేసినవాళ్లు కాబట్టి ఆ చేతిని చూడడం ఆమెకు తెలిసి ఉంటుంది.

మనలో చాలామందిమి చిత్రకారులం కాము. అయినా ఇళ్లల్లో మౌనంగా కూర్చున్న ఆడవాళ్లను రోజూ చూస్తూనే ఉంటాం, ఫోన్‌లో ఫోటోలు తీస్తూనే ఉంటాం, 'మా అమ్మకు ఇల్లే లోకం' అని ఎవరితోనో అంటూనే ఉంటాం. ఆ మాట నిజమో కాదో అమ్మకు తెలుసు. ఇంటికి రాకముందు ఆ చేతులు ఏం చేసేవి, ఏం చేయాలనుకున్నాయి అని ఒకసారి అడగొచ్చు. చెప్తే వినొచ్చు. 'ఏముంది లేరా, పోయి అన్నం తిను' అంటే, అది కూడా ఆమె లాగిన తెరే అని ఊరుకోవచ్చు.